బాలింతల తెల్లగడ్డ

గుడియాత్తంలో మా పక్కింటి పెద్దమ్మ పెరట్లో తెల్లగడ్డలు పండించేది. ఒక్క వెల్లుల్లి పాయ అడిగినా కసిరేది. తన పులుసుకు మాత్రం అంగట్లో కొనుక్కునేది. పెరటివన్నీ వీధిలోని బాలింతలకే. నువ్వులనూనెలో వేయించి, మిరియాలతో నూరి, వేడన్నంలో కలిపి తనే తీసుకెళ్లేది.

చిత్తూరు ఆంధ్రకు పోయి మేం ఇటు మద్రాసు రాష్ట్రంలోనే మిగిలిపోయిన ఏడాది, మా అమ్మకు పుట్టిన బిడ్డ పురిట్లోనే పోయింది. పాలిచ్చే పని లేదని ఇంట్లో ఎవరూ పథ్యం వండలేదు. పెద్దమ్మ గిన్నెతో వచ్చింది.

"బిడ్డే లేదు గదమ్మా, ఇదెందుకు?" అంది నాయనమ్మ.

"కన్న ఒళ్ళు ఉండాది గదా," అంటూ పెద్దమ్మ అమ్మ పక్కన కూర్చుని ముద్దలు పెట్టింది.

ఆమెకు అసలు కాన్పే కాలేదని మేమంతా అనుకునేవాళ్లం. గిన్నె కడుగుతూ మెల్లగా అంది:

"నా బిడ్డ పోయినప్పుడు నాకు ఎవురూ పెట్టలేదు."