గోడవైపు తిరగని మాస్కు

ఫెన్సింగ్ క్లబ్బులో ఆమెను అందరూ జల్లెడక్క అంటారు. పేరు పెట్టింది పిల్లలే. కత్తి ఆటలో మొహానికి తొడుక్కునే మాస్కు ముందుభాగం అచ్చం ఉక్కు జల్లెడలా ఉంటుంది. ఆ జల్లెడలు పోటీకి పనికొస్తాయో రావో తేల్చే మనిషి ఆమె. అసలు వృత్తి కుట్టుపని. క్లబ్బు కింది అంతస్తులోనే దుకాణం. చిరిగిన తెల్లకోట్లు కుట్టివ్వడానికని మేడెక్కింది, కూతురు కత్తి పట్టాక ఇక దిగలేదు.

మాస్కులు తగిలించడంలో ఆమెది ఒక పద్ధతి. వరసగా మేకులకు, మొహాలు గోడవైపు పెట్టి తగిలిస్తుంది. కళ్ళూ నోరూ లేని నల్లటి మొహాలన్నీ తమకేసి చూస్తుంటే చిన్నపిల్లలు జడుసుకుని మెట్ల మీదే ఏడుపు లంకించుకునేవారు. అలా మొదలైన అలవాటది. పరీక్షలో తప్పిన మాస్కును మాత్రం మొహం గదిలోకి తిప్పి పెడుతుంది. గదిలోకి చూస్తున్నదాన్ని ఎవరూ ముట్టకూడదు.

జూనియర్ పోటీలు వచ్చే ఆదివారమని మెట్ల దగ్గర బోర్డు మీద కత్తి నేర్పే మాస్టారు సుద్దముక్కతో రాశారు. ఆ మర్నాడు సాయంత్రం ఆమె తలుపు తీసేసరికి చివరి మేకుకున్న మాస్కు గదిలోకి చూస్తోంది. ఉన్నవాటిలో అదే చిన్నది. ఆమె కూతురికి సరిపోయేది అదొక్కటే.

మాస్కు పరీక్ష పెద్ద విద్యేమీ కాదు. వెనక స్ప్రింగున్న మొనదేలిన కడ్డీ ఒకటుంటుంది. దాన్ని జల్లెడకు ఆనించి, కడ్డీ మీదున్న గీత దాకా నొక్కాలి. తీగలు విడిపోతే మాస్కు పనికిరానట్టే. ఆమె నొక్కి చూసింది. తీగ చెక్కుచెదరలేదు. మాస్కును గోడవైపు తిప్పి ఇంటికెళ్ళింది. మర్నాడు చూస్తే మళ్ళీ ఇటే తిరిగుంది.

"నువ్వేనా తిప్పింది?" అని కూతుర్ని నిలదీసింది.

"నాకేం పనమ్మా? స్టూలెక్కినా ఆ మేకు నాకందదు."

"మరెవరు తిప్పుతారే? తాళంచెవి నా దగ్గరే ఉందాయె!"

"మాస్కే తిరిగుంటుంది. రోజూ గోడకేసి చూసి చూసి విసుగొచ్చుంటుంది పాపం."

కూతురు పకపకా నవ్వింది. తల్లికి నవ్వు రాలేదు. కిటికీలు చూసింది, గడియలు వేసే ఉన్నాయి. మేకు వంకర అయుంటుందని ఆ మాస్కును తీసి వరస మధ్యలో తగిలించి, చివరి మేకుకు ఇంకోటి పెట్టింది. మర్నాడు చివరిది బుద్ధిగా గోడకేసే ఉంది. తిరిగింది మధ్యలోదే.

"మాస్టారూ, ఏ మేకుకు తగిలించినా ఇది ఇటే తిరుగుతోంది, పక్కన పెట్టేద్దామండీ," అంది.

"పరీక్ష తప్పిందా?"

"లేదండీ. ఎన్నిసార్లు చేసినా నిలుస్తోంది."

"మరింకేంటమ్మా? ఇంత చిన్నది మన దగ్గర ఇంకోటి లేదు. ఇది కాదంటే మీ అమ్మాయి పేరు కొట్టేయాలి. పోయినేడు పోటీ జ్వరంతో తప్పిపోయింది, ఈసారి మేకుతో తప్పిపోవాలా?" అని ఆయన తేలిగ్గా నవ్వారు. "అయినా ఈ మధ్య మీరు కడ్డీని ఉఫ్‌మని నొక్కేస్తున్నారు. మిషను తొక్కితే చేతులకి బలం వస్తుందని నాకు తెలీదు సుమండీ!"

ఆమె కూడా మొహమాటానికి నవ్వింది. నిలబడ్డ మాస్కును కాదనడానికి కారణం లేదు. కాదనకుండా ఉండటానికి ధైర్యం లేదు. ఆ తీగల వెనక ఉండబోయేది కూతురి కళ్ళు.

శుక్రవారం ఇంట్లో ఆమె పిండి జల్లిస్తుంటే కూతురు ఆ జల్లెడ లాక్కుని మొహానికి అడ్డం పెట్టుకుంది.

"నీకంత భయమైతే ఇది పెట్టుకుని ఆడతాలే! నీ పరీక్షలో ఇది కూడా పాసైపోతుంది, చూసుకో."

మొహం నిండా పిండి రాలి పిల్ల తుమ్ముతోంది. ఆమె జల్లెడ అందుకుని దాని సన్నతీగల్ని వేలితో నొక్కి చూసింది.

తెల్లారి జల్లెడను సంచిలో పెట్టుకుని క్లబ్బుకెళ్ళింది. మాస్కు ఇటే చూస్తోంది. ఈసారి తిప్పలేదు. బల్ల మీద జల్లెడ పెట్టి, కడ్డీ ఆనించి, గీత దాకా నొక్కింది.

వంటింటి జల్లెడ పాసైంది.

చేతికి బలం రావడం కాదు. స్ప్రింగుకే సత్తువ పోయింది, గీత దాకా నొక్కినా తీగ మీద ఒత్తిడే పడట్లేదు. ఎప్పటినుంచి పోయిందో? ఏ మాస్కుల్ని ఆమె నిశ్చింతగా గోడవైపు తిప్పిందో? వెంటనే మాస్టారికి ఫోన్ చేసింది. ఆయన స్కూటరు మీద వంతెన అవతలి క్లబ్బుకెళ్ళి వాళ్ళ కడ్డీ పట్టుకొచ్చారు. దాన్ని నొక్కాలంటే ఒళ్ళంతా మోపాల్సి వచ్చింది. ఒక్కొక్కటిగా మిగతా మాస్కులన్నీ నిలబడ్డాయి. ఆఖరుకి చిన్నది పెట్టారు. గీత ఇంకా దూరంలో ఉండగానే టప్పుమని తీగలు విడిపోయి మొన లోపలికి దిగింది. సరిగ్గా ఎడమకన్ను ఉండే చోట.

"దీన్ని గోడవైపు తిప్పుతూనే ఉన్నారు కదమ్మా," అన్నారు మాస్టారు, గొంతు తగ్గించి.

"తిప్పినప్పుడల్లా ఇటే చూసిందండీ."

ఇంకెవరూ తొడుక్కోకుండా ఆమె కటింగ్ ప్లేయరుతో ఆ జల్లెడను రెండుగా కత్తిరించింది. పిల్లకు సరిపడా మాస్కొకటి మాస్టారు మళ్ళీ వంతెన దాటి అరువు తెచ్చారు. ఆమె దాన్ని రెండుసార్లు నొక్కి చూసి, గోడవైపు పెట్టి తగిలించింది.

ఆదివారం పొద్దున్నే తల్లీకూతుళ్ళు మేడెక్కారు. తలుపు తోసే ముందు ఆమె ఒక్కక్షణం ఆగింది. తోసింది. అన్నీ గోడకేసే ఉన్నాయి. కూతురి మాస్కు కూడా. దాన్ని దించి సంచిలో పెట్టి, పిల్లను ముందు దిగమంది.

ఖాళీ గదిలోకి చూసి, "వెళ్ళొస్తాం," అంది.

"ఎవరితోనమ్మా?" మెట్ల మీంచి అడిగింది కూతురు.

ఆమె కొంతసేపు గుమ్మంలోనే నిలబడి చూసింది. ఒక్క మాస్కూ ఇటు తిరగలేదు. ఆ తర్వాతే తాళం వేసింది.