దమయంతి టీచర్ గారి లంగరు

నిన్న సాయంత్రం మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే గాలి లేచింది. సముద్రం వైపు నుంచి వచ్చే గాలి. బాపట్లలో ఉండేవాళ్లకు దాని వాసన వేరే చెప్పనక్కర్లేదు. దుప్పట్లోకి గాలి జొరబడి దండెం తాడు బిగుసుకుంది. తీయబోయిన క్లిప్పు వదిలేసి నా చెయ్యి తనంతట తానే వెళ్లి ఆ తాడు మీద వాలింది. అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, తాడు వణుకుతోందా నిలకడగా ఉందా అని చూశాను. పక్క వాటా ఆవిడ ఆగిపోయి, "ఏంటండీ, కరెంటేమన్నా పాస్ అవుతోందా?" అంది. "లేదండి, లంగరు పట్టిందో లేదో చూస్తున్నా" అన్నాను. ఆవిడ నవ్వి ఊరుకుంది. నేను ఎప్పుడూ ఏదో ఒకటి వంకరగా అంటానని ఆవిడ అభిప్రాయం. అందులో తప్పేమీ లేదు గానీ, ఈసారి మాత్రం ఉన్నమాటే చెప్పాను.

తాడు మీద చెయ్యి వేసి అడగడం నాకు నేర్పినావిడ దమయంతి టీచర్ గారు. నేనప్పట్లో తెనాలిలో మా అన్నయ్య ఇంటి పైవాటాలో ఉంటూ, రేపల్లెలో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పడానికి రోజూ పాసింజరు బండిలో వెళ్లి వచ్చేదాన్ని. ఒక పొద్దున సీట్లో కూర్చోబోతుంటే గోనెపట్టాలో చుట్టిన ఇనుమేదో మోకాలి కింద ఠక్కున తగిలింది. ఎవరిదండీ ఇది, నాగలా అని గట్టిగానే అడిగాను. ఎదురు సీట్లో అరవై దాటిన ఒక బక్కపల్చటి మనిషి కూర్చుని ఉంది. మెడ దాకా కత్తిరించిన తెల్లజుట్టు, నేత చీర, కాళ్లకు ఆటల బూట్లు.

"లంగరమ్మా. కొక్కెం ఊడిపోతే తెనాలిలో వెల్డింగ్ చేయించుకొస్తున్నా" అందావిడ.

"లంగరెయ్యడానికి మీకు ఓడ కూడా ఉందేంటి?"

"ఓడెందుకూ, పడవ చాలదూ?"

"జనం కాళ్లు విరగ్గొట్టడానికైతే లంగరొక్కటే చాలండి. పడవ దండగ."

పెట్టెలో ఉన్నవాళ్లంతా మా వైపు తిరిగారు. ఆవిడ మాత్రం నన్ను పైనుంచి కిందదాకా, ఖోఖో టీములోకి పిల్లను ఎంచుకుంటున్నట్టు చూసి, "దిగేటప్పుడు ఓ చెయ్యి వెయ్యమ్మాయ్. నోటికున్న బలం చేతులక్కూడా ఉందేమో చూద్దాం" అంది. వేశాను. మోశాక తెలిసింది, ఆ లంగరు నాతో ఆవిడ మోయించిన మొదటి బరువు మాత్రమేనని.

టీచర్ గారు విశాఖపట్నంలో ఆడపిల్లల హైస్కూల్లో ఆటల టీచరుగా చేసి రిటైరయ్యారు. తెరచాప పడవ నడపడం అక్కడే ఒక క్లబ్బులో నేర్చుకున్నారట. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే "తీరిక దొరకలేదు" అనేవారు. రిటైరయ్యాక సొంతూరు రేపల్లె వచ్చేస్తూ, ఎవరో వద్దనుకున్న పాత యాట్, అంటే తెరచాప షికారు పడవ, ఒకటి లారీ మీద వెంట తెచ్చుకున్నారు. మనిషి కాస్త ముడుచుకుంటే పడుకోగల గది ఒకటి దాని కడుపులో ఉంది. రేపల్లె అవతల, కృష్ణ సముద్రంలో కలవబోయే చోట, మడ అడవుల మధ్య పాయలో ఉండేది ఆ పడవ. చేపలవాళ్లు దాన్ని టీచరమ్మ పడవ అనేవారు. సెలవు రోజుల్లో నేనక్కడికి వెళ్లడం మొదలుపెట్టాను. ఎందుకు వెళ్తున్నావని మా వదిన అడిగింది, కాలేజీలో అడిగారు. ఒక్కొక్కళ్లకు ఒక్కో జవాబు చెప్పాను. నా పెళ్లి నిలబడలేదు. వెనక్కి వచ్చిన చెల్లెల్ని అన్నయ్య ప్రేమగానే చూసుకున్నాడు. ఆ ప్రేమ ఎలా ఉండేదంటే, రోజూ రాత్రి తొమ్మిదింటికి కింది వాటా నుంచి ఫోన్ చేసి "గ్యాసు కట్టేశావా, తలుపు గడియ పెట్టావా" అని అడిగేవాడు. నేను పెట్టానంటే కాసేపటికి మెట్లెక్కి వచ్చి తలుపు నెట్టి చూసుకుని వెళ్లేవాడు. పిల్లలకు పాఠాలు చెప్పి పరీక్షలు పెట్టే మనిషిని ఇంటికొచ్చాక రోజూ ఒక పరీక్ష రాసేదాన్ని. నా నోరు పదునెక్కింది ఆ రోజుల్లోనే అనుకుంటాను. ప్రతిదానికీ వాదిస్తే కనీసం అడిగేవాడికి అలుపొస్తుంది కదా.

టీచర్ గారితోనూ వాదించాను. మొదటిసారి లంగరు వేసినప్పుడు, నీళ్లలోకి ఎంత తాడు వదలాలన్న దగ్గర పేచీ వచ్చింది. లోతుకు ఎన్నో రెట్లు వదలాలని ఆవిడ. తాడు పొట్టిగా ఉంటేనే పడవ కదలదని నేను. గుంజకు కట్టిన పశువు ఎంత దూరం పోతుందో తాడును బట్టే కదా అని తర్కం చెప్పాను. "నీ ఇష్టం, కట్టు" అని ఆవిడ అన్నం డబ్బా విప్పారు. పులిహోర తింటూ కూర్చున్నాం. పోటు ఎక్కుతోంది, నీళ్లు పెరుగుతున్నాయి. నేను ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాను. ఎదురుగా ఉన్న మడ చెట్లు మెల్లిగా వెనక్కి నడవడం మొదలుపెట్టాయి. పడవ లంగరును పీక్కుని, ఏమీ ఎరగనట్టు, పాయలో తేలిపోతోంది. అవతలి ఒడ్డు బురదలో పొట్ట ఆనించి ఆగింది. టీచర్ గారు లేవలేదు. అడుగున మిగిలిన పులిహోర వేళ్లతో దగ్గరికి చేర్చి తిన్నారు.

"గేదెను కట్టినట్టు కట్టావు" అన్నారు చెయ్యి కడుక్కున్నాక. "అది నేల మీద సంగతి. ఇక్కడ తాడు పొట్టిదైతే లంగరును పైకి లాగుద్ది. పైకి లాగితే ఏదైనా ఊడొస్తుంది. బారుగా వదిలితే పక్కకి లాగుద్ది, లాగేకొద్దీ కొక్కెం బురదలోకి దిగబడుద్ది. బిగబట్టుకున్నదల్లా నిలవదమ్మాయ్."

"ఇది మీరు ముందే చెప్పుండొచ్చుగా."

"చెప్పానుగా. నువ్వు వాదిస్తంటే వింటా కూర్చున్నా."

ఆవిడ దగ్గర ఇంకో పాఠానికి చాలా కాలం పట్టింది. లంగరు వేశాక ఒడ్డున రెండు గుర్తులు పెట్టుకోమనేవారు. మేం ఎప్పుడూ చూసుకునేవి ఐసు ఫ్యాక్టరీ ట్యాంకూ, దాని ముందు పక్కకు ఒరిగిన సరుగుడు చెట్టూ. రెండూ ఒకే వరసలో ఉన్నంతసేపు పడవ ఉన్నచోటే ఉన్నట్టు. అయితే పోటు పోయి ఆటు మొదలవగానే నీటి వాలు తిరుగుతుంది, దాంతో పడవ లంగరు చుట్టూ తిరిగి ముఖం అటు పెడుతుంది. అప్పుడు గుర్తులు విడిపోతాయి. నేను ప్రతిసారీ "జారిపోతున్నాం" అని లేచేదాన్ని. టీచర్ గారు నా చెయ్యి తీసుకెళ్లి తాడు మీద పెట్టేవారు. "కళ్లతో కాదు, దీన్నడుగు. లంగరు ఈడ్చుకుపోతంటే గచ్చు మీద బల్ల లాగినట్టు తాడులో గుడగుడమంటది. పట్టి ఉంటే బిగిసి ఊరుకుంటది. తిరగడం వేరు, జారడం వేరు. తిరగనీ." ఆ మాట ఆవిడ పడవ గురించే అన్నారు. బండిలో తెనాలి తిరిగి వస్తూ నేను దాన్ని చాలావాటికి అన్వయించి చూసుకునేదాన్ని, అది వేరే విషయం.

ఆ తర్వాత ఒక చలికాలం ఆవిడ వేళ్ల కణుపులు వాచాయి. తాడు లాగలేకపోతున్నారు. సరిగ్గా అప్పుడే సూర్యలంక దగ్గర రిసార్టు కడుతున్న ఒకాయన పడవను బేరమాడాడు. దాన్ని ఇసుకలో పాతి, రంగు బల్బులు చుట్టి, వచ్చినవాళ్లు ఫోటోలు దిగడానికి పెడతాడట. ఆయన వెళ్లిపోయాక టీచర్ గారు చాలాసేపు పడవ చెక్క నిమురుతూ కూర్చున్నారు. నేను ఉండబట్టలేక, ఇస్తారా ఏంటి, నేను చూసుకోనా అన్నాను.

"పగలు ఎవరైనా నడుపుతారు. ఒక్కదానివే వెళ్లి, రాత్రికి లంగరేసి, పడుకుని, పొద్దున తీసుకొచ్చెయ్. పడవ నీది. లేకపోతే ఆయన వచ్చి పట్టుకెళ్తాడు."

"దాందేముంది, రాత్రంతా కళ్లల్లో వత్తులేసుక్కూచుంటా."

"పడుకుని అన్నా. మేలుకుని చూస్తా కూచుంటే అది లంగరేసినట్టు కాదు, నువ్వే లంగరైనట్టు. అట్టా ఎన్ని రాత్రులు చేస్తావు?"

"నేను పడుకున్నానో లేదో మీకెట్లా తెలుస్తుంది?"

"మొహం చూస్తే తెలీదా. పిల్లల్ని కాచినదాన్ని."

మధ్యాహ్నం పోటు మీద బయల్దేరాను. మడచెట్లు గాలిని ఆపే వంపులో తెరచాప దించి, లంగరును విసరకుండా చేతుల మీదుగా దించి, పడవ వెనక్కి పోతున్నకొద్దీ తాడు వదిలి, ఆవిడ చెప్పినదానికంటే ఇంకాస్త ఎక్కువే వదిలి, పడవ ముక్కు దగ్గరి గుంజకు కట్టాను. ట్యాంకు, సరుగుడు చెట్టు వరసలోకి వచ్చి నిలబడ్డాయి. చీకటి పడేలోపు తెరచాప కొయ్యకు లాంతరు కట్టి, పెరుగన్నం తిన్నాను. తొమ్మిదింటికి అన్నయ్య ఫోన్ చేశాడు. ఈ ప్రయాణం మీద కోపంతో వారం నుంచి నాతో మాట్లాడకుండా ఉన్నవాడు అలవాటు కొద్దీ "గడియ పెట్టావా" అన్నాడు.

"గడియ లేదన్నయ్యా. లంగరేశా."

"గట్టిగా వేశావా?" అన్నాడు. వేశానన్నాను. మెట్లెక్కి వచ్చి చూసుకోవడానికి అక్కడ మెట్లు లేవు. అదొక్కటే ఆ రాత్రి నాకు నవ్వొచ్చిన సంగతి.

నీటి వాలు తిరిగినప్పుడు పడవ కడుపులో నీళ్ల చప్పుడు మారింది. లేచి చూస్తే ట్యాంకు మీది దీపం ఉండాల్సిన చోట లేదు. తాడు వదులుగా వేలాడుతోంది. లంగరు ఊడిపోయింది, పొద్దునకు ఎక్కడో ఇసుకమేట మీద ఉంటాను, ఆ తర్వాత ఈ పడవకు రంగు బల్బులే, అనుకున్నాను. టీచర్ గారికి ఫోన్ చేశాను. స్విచ్ ఆఫ్. ఆవిడ ఒడ్డున వలల పాకలో కూర్చుని నన్నే చూస్తూ ఉంటారని నాకు గట్టి నమ్మకం. టార్చి వేసి అటువైపు ఊపాను. జవాబు లేదు. ఇంకెవరితో వాదించను? ముందుకు పాకి తాడు మీద చెయ్యి వేశాను. వణుకుతోంది. వణుకుతున్నది నా చెయ్యేనని కాసేపటికి గానీ తెలియలేదు. చెయ్యి నెమ్మదించాక తాడు మెల్లిగా అటు తిరిగి, ఒక్క కుదుపు కుదిపి, బిగిసి, ఊరుకుంది. అలాగే కూర్చున్నాను. అది ఊరుకునే ఉంది. లోపలికి వెళ్లి దుప్పటి కప్పుకున్నాను. నిద్ర ఎప్పుడు పట్టిందో తెలియదు, పట్టింది.

పొద్దున పడవ ఒడ్డుకు చేర్చేసరికి టీచర్ గారు ఆటో దిగి తాపీగా నడిచి వస్తున్నారు. తలస్నానం చేసి, జుట్టు కూడా ఆరబెట్టుకున్నారు.

"రాత్రి ఇక్కడ లేరా?" అన్నాను.

"ఇక్కడెందుకుంటా? ఇంట్లో పడుకున్నా."

"ఫోను?"

"కట్టేసి పడుకున్నా. మోగుద్దేమోనని చూస్తంటే నిద్రెట్టా పడుద్ది?"

నాకు ఒళ్లు మండిపోయింది. నేను మునిగిపోతే, పడవ కొట్టుకుపోతే, ఇదేనా మీ బాధ్యత, అని చేపలవాళ్లు పనులాపి వినేంత గట్టిగా అరిచాను. ఆవిడ అంతా విని, నా మొహంలోకి ఒకసారి చూసి, పడవ గది తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"నువ్వున్నావుగా అని పడుకున్నా" అన్నారు.

నాకు గుర్తున్నంతలో, నా మీద ఏదైనా వదిలేసి నిద్రపోయిన మనిషి అంతకుముందు ఎవరూ లేరు. అమ్మ లేదు, కట్టుకున్నవాడు లేడు, అన్నయ్య సంగతి చెప్పనే చెప్పాను. పడవ నాదైన సంతోషం ఆ మాట కింద ఎక్కడో ఉండిపోయింది. తాళంచెవిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ నిలబడ్డాను. "అయ్యో, నిద్ర చాల్లేదా" అని ఆవిడ నవ్వారు.

కిందటి వానాకాలం టీచర్ గారిని తెనాలిలో ఆసుపత్రిలో చేర్చాం. చివరి రాత్రి నేనే ఉన్నాను, అది చివరిదని నాకూ ఆవిడకూ తెలుసు. మంచం పక్క కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాను. ఆవిడ చెయ్యి వెతుక్కుంటూ వచ్చి నా మణికట్టు మీద ఆగింది. వేళ్లు వంగడం లేదు, అరచెయ్యి మాత్రమే ఆనించి కళ్లు మూసుకున్నారు.

"బానే పట్టావు. ఇంక పడుకో" అన్నారు.

"పడుకోనండి."

"నువ్వట్టా చూస్తా కూచుంటే నాకు నిద్ర పట్టదమ్మాయ్."

ఆ ఒక్క వాదనా ఆవిడకు వదిలేశాను. నేల మీద చాప పరుచుకుని పడుకున్నాను. తెల్లారగట్ట నర్సమ్మాయి నా భుజం తట్టి లేపేసరికి ఆవిడ లేరు. వచ్చిన బంధువుల్లో ఒకావిడ, "పక్కనే ఉండి నిద్రపోయావా?" అంది. నా దగ్గర లేని జవాబులా? అవునండి, అని మాత్రం అన్నాను.

ఇప్పుడు బాపట్లలో నా వాటాకు నేనే గడియ పెట్టుకుంటాను. అన్నయ్య ఇప్పటికీ తొమ్మిదింటికి ఫోన్ చేస్తాడు, గడియ మాటెత్తడు, అక్కడ గాలెట్లా ఉంది అంటాడు. నిన్న రాత్రి, బాగా ఉందన్నాను. పడవ పాయలో ఒంటరిగా లంగరు మీద ఉంది, ఆదివారం నేనే వేసి వచ్చాను. గాలి ఇంకా పెరిగింది. కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి. రేవులో ఎవరికైనా ఫోన్ చేసి కనుక్కుందామని పేరు కూడా తీశాను. లంగరు దించినప్పటి నా చేతుల్ని గుర్తుచేసుకున్నాను. తాడు బారుగానే వదిలాను. ఫోను కట్టేసి పడుకున్నాను.