చంద్రుడి మీద కాకిబంగారం

అభ్రకం ముక్కను ఆనందకుమారి చేతిలో పెడితే అదే విచ్చుకుంటుందని గూడూరు షెడ్డులో అనుకునేవాళ్లు. నిజానికి ముక్కను వెలుతురుకు పట్టి చూసేది. బొటనవేలితో అంచును ఒక్కసారి తడిమేది. అప్పుడు కత్తిమొన ఆనించేది. పొర నుంచి పొర విడిపోతుంటే నిద్రలో పిల్ల ఊపిరి విడిచినంత చప్పుడు. ఆ చప్పుడు కోసం కొత్తగా చేరినవాళ్లు తమ పని ఆపి చూసేవాళ్లు. ఆమె తల ఎత్తేది కాదు. తన చెయ్యి మీద ఆమెకు అనుమానం లేదు.

జనం కాకిబంగారం అని పిలిచే ఆ రాయి పడమటి గనుల నుంచి బండ్ల మీద వచ్చేది. రేకుల కప్పు కింద నలభై మంది ఆడవాళ్లు వరసగా కూర్చుని, కొడవళ్లతో అంచులు కోసి, పొరలు విప్పి, మచ్చ ఉన్నవి ఒక పక్కకు, లేనివి ఒక పక్కకు ఏరేవాళ్లు. సాయంత్రానికి చేతులు, జుట్టు, చీరకుచ్చిళ్లు అన్నీ మెరిసేవి. సముద్రం వైపు నుంచి గాలి తిరిగితే ఆ మెరుపు లేచి షెడ్డంతా తేలేది. ఇళ్లకు పోయే దారిలో ఎండ వాలి పడితే, పగిలిన అద్దం ఒకటి లేచి నడిచిపోతున్నట్టుండేది.

చివరి పని ఆనందకుమారిది. అందరి కట్టలూ చూసి, పెట్టెలో సర్ది, చీటీ అంటించి, దాని మీద తన పేరు రాయాలి. మిషన్ బళ్లో ఎనిమిదో తరగతి దాకా చదివిన చెయ్యి గనక అక్షరాలు గుండ్రంగా పడేవి. పాడైన చీటీలను మాత్రం పారేసేది కాదు. వాటి వెనకంతా తెల్లగా ఉండేది. ఇంటికి తీసుకుపోయేది.

యాభై ఏడు చివర్లో, పెట్టెల్లో పరచడానికి తెచ్చిన పాత పేపర్లలో, రష్యావాళ్లు ఆకాశంలోకి ఒక గోళాన్ని పంపారన్న వార్త ఆమె కంటబడింది. మేనేజరు కామాక్షయ్యను అడిగింది.

"అయ్యా, మన అభ్రకం దాంట్లో కూడా ఉంటదా?"

"రేడియోలో ఉండాది. ఇమానంలో ఉండాది. దాంట్లో మాత్రం ఎందుకుండదు? నువ్వు ముందు ఆ పెట్టెకు మూత బిగించు."

ఆమె మూత బిగించింది. మనసు మాత్రం బిగుసుకోలేదు. ఆ ఆదివారం ప్రార్థన అయినాక, గుడి అరుగు మీదే కూర్చుని, చీటీ వెనక మొదటి వాక్యం రాసింది: "చంద్రుడి మీద గాలి లేదు గనుక అక్కడి ఊరికి కాకిబంగారంతో కప్పు వేశారు."

అది నవల అని ఆమెకు తెలుసు. ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండువేల సంవత్సరం దాటాక జరిగే కథ. ఆ కప్పు గాలిని లోపల ఆపుతుంది, ఎండను లోపలికి రానిస్తుంది. కప్పుకు పొరలు విప్పే పని ఒక ముసలి గురువమ్మది. ఆమె శిష్యుడు మిహిరుడు. కళ్లు మూసుకుని వేలితో తాకి, పొరలో మచ్చ ఎక్కడుందో చెప్పగలడు. అంత చెయ్యి చంద్రుడి మీద ఇంకొకరికి లేదు. ఆ చెయ్యే వాణ్ణి చెరిచింది. ఎవరూ కనిపెట్టలేరన్న ధీమాతో మంచి పొరల నడుమ మచ్చపొర ఒకటి పెట్టాడు. ఎవరూ కనిపెట్టలేదు. మర్నాడు రెండు పెట్టాడు. కప్పు మసకబారింది. ఊళ్లో పైర్లు పాలిపోయాయి. ఒకనాడు గురువమ్మ ముఖం చూడలేక మిహిరుడు ఊరు వదిలి, చంద్రుడి చీకటి వైపుకు నడిచిపోయాడు. అక్కడ తనే రాజు. ఏలడానికి చీకటి తప్ప ఏమీ లేదు.

అక్కడిదాకా ఒక్క ఏడాదిలో రాసింది. అక్కడే ఆగిపోయింది. మూడేళ్లు ఆ చీటీల కట్ట ట్రంకుపెట్టెలో ఉండిపోయింది.

అరవై ఒకటి వేసవిలో మగ్దలీనమ్మ ఆ సంగతి కూపీ లాగింది. షెడ్డులో అందరికన్నా పెద్దది, నోరు ఇంకా పెద్దది.

"ఏందిమే ఆనందా, రహస్యంగా రాస్తా ఉండావంట. మాకు చదవవా? మేము చెవుల్లేనోళ్లమా?"

"చదివితే మీకు నిద్దరొస్తాది పెద్దమ్మా."

"వస్తే రానీ. నీ పేరు చెప్పి ఒక కునుకు తీస్తాం."

ఎవరికీ కునుకు రాలేదు. రోజూ మధ్యాహ్నం సద్ది తిన్నాక కొన్ని చీటీలు చదివేది. చంద్రుడి ఊళ్లోకి నలభై మందీ కాపురం వచ్చేశారు. గురువమ్మకు సద్దిలోకి ఊరగాయ ఎవరు పెడతారని ఒకామె అడిగింది. మిహిరుడికి పెళ్లి చేసుంటే ఇట్టా చెడిపోయేవాడు కాదని మగ్దలీనమ్మ తీర్పు చెప్పింది. వాడు తొలి మచ్చపొర పెట్టే చోట మాత్రం ఆనందకుమారి గొంతు కాస్త దిగింది. ఎండ దెబ్బ అనుకున్నారు.

మిహిరుడు చీకట్లోకి నడిచిపోయిన మర్నాడు, శనివారం, మద్రాసు నుంచి పెట్టె ఒకటి తిరిగొచ్చింది.

కామాక్షయ్య దాన్ని షెడ్డు నడుమ పెట్టి మూత తీశాడు. కట్ట విప్పి పొరలు విసనకర్రలా పరిచాడు. మంచి పొరల నడుమ, నాలుగైదింటికి ఒకటి, తుప్పు మచ్చల పొర. చీటీ మీద గుండ్రటి అక్షరాలతో ఆనందకుమారి పేరు.

"ఈ కట్ట ఎవురిది?" అన్నాడాయన.

 నలభై తలలూ ఒక్క వైపే తిరిగాయి. అక్కడ పెంచలమ్మ కూర్చుని ఉంది. పంతొమ్మిదేళ్లది, చేరి ఏడాదైంది. ఆనందకుమారి చేతి పని మొత్తం పట్టుకున్న ఒకే ఒక్కతె. అందరూ రెండు కట్టలు కట్టేలోపు మూడు కట్టేది.

"మిహిరుడు దొరికినాడ్రో!" అంది మగ్దలీనమ్మ. "ఆనందకు ముందే తెలుసు. అందుకే కథ కట్టి చెప్పింది."

పెంచలమ్మ కొడవలి కింద పెట్టింది. ఆనందకుమారి వైపు ఒక్క చూపు చూసింది. లేచి, ఒళ్లంతా మెరుస్తుండగానే, గేటు దాటి వెళ్లిపోయింది.

"మంగళవారం బండికి ఈ పెట్టె బాగుపడి పోవాల," అన్నాడు కామాక్షయ్య. "సోమవారం పొద్దున నీ నోటితో నాకు పేరు చెప్పు. ఆ పిల్ల మళ్లీ ఈ గడప తొక్కదు. చెప్పకపోతే నువ్వూ తొక్కవు."

"సోమవారం చెప్తానయ్యా," అంది ఆనందకుమారి.  కట్టలు చూసి పంపింది తను. ఆ పిల్ల కట్టలను పైపొర చూసి వదిలేసేది, తన చేతిని తను ఎట్లా నమ్మిందో అట్లా నమ్మి. అన్నిటికన్నా ఆ పిల్ల చూసిన చూపు ఆమెను ఎక్కువగా గుచ్చింది. అంత చెయ్యి ఇట్లా గడప దాటిపోతే ఇక ఏ షెడ్డు గడపా తొక్కదని ఆమెకు తెలుసు.

ఆదివారం ప్రార్థనకు పోకుండా, ట్రంకుపెట్టెలోంచి చీటీల కట్ట తీసుకుని, పెంచలమ్మ ఊరికని కోటకు పోయే బస్సెక్కింది. అక్కడి నుంచి సరుగుడు తోటల నడుమ ఇసకదారిన నడిచింది. పెంచలమ్మ ఇంటి ముందు ఉడికిన వడ్లు ఆరబోసి కాళ్లతో తిరగేస్తోంది. తల ఎత్తలేదు.

"ఎందుకొచ్చినావక్కా? ఇంకా కథ మిగిలుండాదా?"

"ఉండాది."

"తప్పు చేసినా. కాదనను. నువ్వు నా చెవిలో చెప్పుంటే నీ కాళ్లు పట్టుకుందును. నలభై మందికి చదివి వినిపించినావు. నన్ను ఊరంతా తిప్పినట్టుగా."

ఆనందకుమారి గడప మీద కూర్చుంది. కట్టలోంచి ఒక చీటీ తీసి, రాసిన వైపు కాకుండా వెనక్కి తిప్పి ఇచ్చింది.

"అక్షరాలు రాకపోతే మానె. అంకెలొచ్చు గదా. చదువు."

పెంచలమ్మ వేలు పెట్టి చూసింది. పెట్టె నంబరు, బరువు, తేదీ. "యాభై ఎనిమిది," అంది మెల్లగా. ఇంకో చీటీ తీసింది. అదీ యాభై ఎనిమిదే.

"అప్పటికి నువ్వు షెడ్డు మొహం గూడా చూళ్లేదు," అంది ఆనందకుమారి.

"అయితే ఈ మిహిరుడు ఎవరు?"

"నేనే."

వడ్ల మీద ఒక కాకి వాలింది. ఇద్దరిలో ఎవరూ తోలలేదు.

"పదిహేడేళ్లప్పుడు, నీ మాదిరే. ఈ షెడ్డులోనే. పని నేర్పిన వెంకటశేషమ్మ కట్ట విప్పి చూసింది. ఎవరికీ చెప్పలా, నన్నేమీ అనలా. అరచెయ్యంత మచ్చరాయి ఒకటి నా ముందర పెట్టి, ఈ మచ్చ ఎన్ని పొరల్లో ఉండాదో లెక్కబెట్టమే అనింది. పొద్దుగూకేదాకా విప్పినా. పైనించి చూస్తే రాయంతా నల్లగా ఉండె. తీరా చూస్తే రెండే రెండు పొరలు. కింద ఇంక అంతా నీళ్లే, పెంచలా. నీళ్ల మాదిరి ఉండాది."

పెంచలమ్మ గడప పక్కన కూర్చుని, చీటీల కట్టను ఒళ్లోకి తీసుకుని అంచులు సర్దింది. తర్వాత అడిగింది:

"మరి ఆ చీకట్లో నించి వాడు తిరిగొస్తాడా?"

"అది రాయలేక మూడేళ్లు కూర్చున్నా. ఎట్టా వస్తాడా అని. నీ దగ్గరకొచ్చే బస్సులో తెలిసింది. పిలవడానికి ఒకరు పోవాల. అంతే."

సోమవారం పొద్దున ఇద్దరూ కలిసే గేటు దాటారు.  కామాక్షయ్య పుస్తకం తెరిచి కలం ఎత్తాడు.

"ఏం, పేరు?"

"ఆనందకుమారి అని రాసుకోండయ్యా. కట్ట చూడకుండా చీటీ అంటించింది నేను."

"కాదు సార్," అంది పెంచలమ్మ, వెనక నుంచి ముందుకొచ్చి. "మచ్చపొరలు పెట్టింది నేను."

ఆయన ఒకసారి ఈమెను, ఒకసారి ఆమెను చూశాడు. షెడ్డులో మిగతా చేతులన్నీ కలిపినా ఆ రెండు జతలకు సరిపోవని ఆయనకూ తెలుసు. కలానికి మూత పెట్టాడు.

"ఇద్దరూ కూర్చుని ఏరండి. రేపటి బండికి పోకపోతే అప్పుడు రాసుకుంటా, రెండు పేర్లూ."

పెట్టెకు చెరో పక్కన కూర్చున్నారు. మధ్యాహ్నం సద్ది వేళకు ఆనందకుమారి చేతులు దులుపుకుని లేచింది. చదవడానికి చీటీలు తీయలేదు. మిహిరుడు ఎవరో, ఏ సంవత్సరంలో ఏ కట్టలో ఎన్ని మచ్చపొరలు పెట్టాడో, నలభై మందికీ చెప్పింది. చెయ్యి తడబడని మనిషిగా పన్నెండేళ్లు కూడబెట్టుకున్న పేరును అందరి ముందూ పొర పొరగా విప్పింది. గొంతు ఎక్కడా దిగలేదు.

 మగ్దలీనమ్మ లేచి, తన సద్దిగిన్నెలోంచి మామిడికాయ ముక్క తీసి, పెంచలమ్మ గిన్నెలో వేసింది. ఇంకోటి ఆనందకుమారి గిన్నెలో వేసింది.

"తిను మిహిరమ్మా," అంది. "చీకట్లో ఏం తిన్నావో ఏమో."

షెడ్డంతా పగలబడి నవ్వింది. ఆనందకుమారి కూడా నవ్వింది. ఆ పేరు ఆమెకు అట్లాగే అంటుకుపోయింది. తర్వాతి ఏళ్లలో కొత్తగా చేరినవాళ్లు అదే ఆమె అసలు పేరనుకున్నారు. ఆమె ఎవరినీ దిద్దలేదు.

పెట్టె మంగళవారం బండికి పోయింది. చీటీ మీద మొదటిసారి రెండు పేర్లు ఉన్నాయి. ఒకటి గుండ్రటి అక్షరాల్లో, దాని కింద రెండోది వంకరటింకరగా, అప్పుడే నేర్చుకున్న చేత్తో.