వందశాతానికి అడ్డొచ్చిన రేణుక

సూర్యాపేట విడి జిల్లా అయిన కొత్తలో, ఒక జూన్ నెలలో, నాకు పెన్‌పహాడ్ మండలంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు గెజిటెడ్ ప్రధానోపాధ్యాయురాలిగా పోస్టింగ్ వచ్చింది. అంతకుముందు చాలాకాలం మిర్యాలగూడ దగ్గర స్కూల్ అసిస్టెంటుగా జీవశాస్త్రం చెప్పాను. పాఠం చెప్పడం వేరు, బడి నడపడం వేరు అని చేరిన వారంలోనే తెలిసొచ్చింది. పైవాళ్లకు కావలసినవి అంకెలు.

ఊళ్లో కాస్త నీళ్లు పారే తరి పొలం ఉన్న ఇళ్ల పిల్లలు పొద్దున్నే పసుపుపచ్చ బస్సెక్కి సూర్యాపేట ప్రైవేటు బళ్లకు పోయేవారు. మాకు మిగిలింది కూలి చేసుకునే ఇళ్లూ, గొర్రెలు కాసుకునే ఇళ్లూ. తరగతుల్లో అబ్బాయిల కంటే అమ్మాయిలు ఎక్కువ. అది చూసి తనిఖీకి వచ్చిన ఒక అధికారి బాలికల చదువు బాగుందని మెచ్చుకున్నారు. నాకు ఒళ్లు మండింది. అన్నను ఫీజు కట్టి ఒక బడికి పంపి, చెల్లెను సర్కారు బడికి పంపితే లెక్క అట్లా కాక ఇంకెట్లా తేలుతుంది?

పదో తరగతి ఫలితాలను మేము సామాజిక వర్గాల వారీగా పట్టిక వేసి పంపాలి. గొర్రెల కాపరుల పిల్లలు బీసీ గడిలో కలిసిపోయేవారు. మా బడిలో ఆ గడి ఏటా చిక్కిపోతోంది. ఎందుకో పట్టిక చెప్పదు, అడిగేవారూ లేరు. వానాకాలం వరి కోతలయ్యాక మందలు సాగర్ ఎడమ కాలువ కింది పొలాలకు తరలిపోతాయి. గొర్రెల ఎరువు కోసం రైతులు కోసిన మళ్లలో రాత్రిళ్లు మంద కట్టించుకుంటారు. మందతో పాటు ఇంట్లో వాళ్లూ పోవాలి. పదో తరగతికి ప్రత్యేక తరగతులు ఊపందుకునేది సరిగ్గా అప్పుడే.

రేణుక ఆ ఏడాది పదో తరగతి. దీపావళి తర్వాత కొన్నాళ్లకు బడికి రావడం మానేసింది. మా దగ్గర దత్తత అని ఒక పద్ధతి ఉండేది. ఒక్కో టీచరు కొందరు పదో తరగతి పిల్లలను తన బాధ్యతగా తీసుకుని, తెల్లవారుజామున ఇంటికి ఫోన్ చేసి లేపి చదివించాలి. రేణుక, లెక్కల మాస్టారు శ్రీనివాస్ దత్తత. ఆయనది కోదాడ, రోజూ బండి మీద వచ్చేవాడు. సాయంత్రం చీకటి పడేదాకా పిల్లలతో కూర్చునే మనిషి, పనిలో వంక పెట్టలేం. పిల్ల సంగతి ఏమిటని అడిగితే, రోజూ ఫోన్ చేస్తున్నాననీ, చదువుతున్నదని తండ్రి చెప్తున్నాడనీ అన్నాడు. మరి బడికెందుకు రాదంటే తండ్రి నంబరు తీసి చూపించాడు. ఆయన ముందే నేను ఆ నంబరుకు ఫోన్ చేశాను.

మాటకంటే ముందు గొర్రెల అరుపులు వినిపించాయి. తండ్రి మల్లయ్య ఏ దాపరికమూ లేకుండా చెప్పాడు. మిర్యాలగూడ అవతల మంద కట్టారు. భార్యకు సూర్యాపేట దవాఖానలో ఆపరేషన్ అయింది, బరువు ఎత్తొద్దన్నారు. గొర్రెలు ఈనే కాలం, వండిపెట్టేవాళ్లు లేరు, పిల్లను వెంట తీసుకుపోయాడు. ఆమె చదువుతున్నమాట నిజమే, మంద దగ్గర కూర్చుని చదువుతోంది. ఎక్కడున్నారని శ్రీనివాస్ ఎప్పుడూ అడగలేదు, మల్లయ్య తనంతట తాను చెప్పలేదు.

ఫోన్ పిల్ల చేతికొచ్చింది.

"మేడం, నా పేరు కొట్టెయ్యకుర్రి. పుస్తకాలు నా కాడనే ఉన్నయి. పరీచ్చలకు వస్త."

పరీక్ష రాసేవారి పేర్లతో బోర్డుకు పంపే జాబితాను నామినల్ రోల్స్ అంటారు. అందులో పేరు లేకపోతే హాల్ టికెట్ రాదు. హాజరు తక్కువైన పిల్లలను అందులో చేర్చాలంటే సరైన కారణం చూపి ప్రధానోపాధ్యాయులు మినహాయింపు కోరాలి. చాలాచోట్ల ఎవరూ కోరరు. ఆ పిల్లలను బడికి రాకుండానే పరీక్ష రాసే ఓపెన్ స్కూలుకు మళ్లిస్తారు, బడి ఫలితం శుభ్రంగా ఉంటుంది. శ్రీనివాస్ కూడా అదే అన్నాడు.

"ఈ ఒక్క అమ్మాయితో మన హండ్రెడ్ పర్సెంట్ పోతుంది మేడం. పోయినేడాదీ ఒక్కరితోనే తప్పింది."

ఆయన ఆశను నేను తప్పుపట్టలేదు, పిల్లలతో ఆయన పడ్డ కష్టం చూశాను. కానీ ఓపెన్ స్కూలుకు పంపిన పిల్లలు అక్కడ ఎంతవరకు చదివారో ఎవరూ వెనక్కి చూడరు. ఆడపిల్లయితే మరుసటి ఏడాదికి పెళ్లి పత్రిక వస్తుంది. నేను ఒప్పుకోలేదు.

మిర్యాలగూడ దగ్గర నాతో పనిచేసిన విమల అప్పటికి ఆ కాలువ పక్క ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలు. నేను అడగ్గానే పిల్లను ప్రత్యేక తరగతుల్లో కూర్చోబెట్టుకుంటానంది. మందను ఆ బడికి నడిచివచ్చే దూరంలోనే తిప్పుకోమని మల్లయ్యను ఒప్పించింది కూడా ఆమే. ఆ హాజరు మా దగ్గర చెల్లుతుందా అని అడగడానికి సూర్యాపేట విద్యాశాఖ కార్యాలయానికి పోయాను. సూపరింటెండెంట్ తల అడ్డంగా ఊపాడు.

"జిల్లాలు వేరైనయి గదా మేడం, ఆ జిల్లా హాజరు మనకు నడవది."

"ఆ సంగతి గొర్లకు ఎవరు చెప్పాలె?" అన్నాను.

ఆయన నవ్వాడు గాని నిబంధన మారలేదు. చివరికి తల్లి ఆపరేషన్ కాగితాలు, విమల రాసిచ్చిన ధ్రువీకరణ జతచేసి, పూర్తి బాధ్యత నాదేనని రాసి మినహాయింపు కోరాను. వచ్చింది. ఫిబ్రవరిలో రేణుక తిరిగొచ్చింది. బాగా నల్లబడింది, చేతి మీద కాలిన మచ్చ. మార్చిలో అందరితో పాటు పరీక్ష రాసింది.

ఫలితాలు వచ్చిన రోజు తరగతి మొత్తంలో ఒక్కరే తప్పారు. రేణుకే, లెక్కల్లో.

జిల్లా అధికారుల సమీక్షా సమావేశంలో వందశాతం రాని బడుల ప్రధానోపాధ్యాయులను లేచి నిలబడమన్నారు. సర్వీసులో ఆఖరి ఏళ్లలో, నా దగ్గర చదువుకున్న ఇద్దరు టీచర్ల ముందు నిలబడ్డాను. అవమానంగానే ఉంది. ఆ ఒక్కరూ హాజరు మినహాయింపుతో రాసినవారేనా అని అడిగితే, అవునన్నాను. ఎందుకు కోరారన్నారు. ఆమె మా బడి పిల్ల కాబట్టి అని చెప్పి కూర్చున్నాను.

శ్రీనివాస్ మే నెలలో బడి తాళం చెవి కావాలని ఇంటికి వచ్చాడు. సెలవుల్లో ఎందుకంటే, "దత్తత నాది కదా మేడం" అన్నాడు. ఆ ఎండల్లో కోదాడ నుంచి వచ్చి ఒక్క పిల్లకు లెక్కలు చెప్పాడు. జూన్‌లో సప్లిమెంటరీ రాసి రేణుక గట్టెక్కింది, సూర్యాపేటలో ఇంటర్‌లో చేరింది. సప్లిమెంటరీలో పాసైనవారు బడి లెక్కలోకి రారు. జిల్లా పట్టికలో ఆ ఏడాది మాది వందశాతం లేని బడిగానే ఉండిపోయింది.

ఆ తర్వాత ఉద్యోగం ఉన్నంతకాలం, ఏ బడివారైనా వందశాతం వచ్చిందని చెప్తే ముందు అభినందించి, ఆ తరగతి తొమ్మిదిలో ఉన్నప్పుడు ఎంతమంది పిల్లలు ఉండేవారని అడిగేదాన్ని. చాలామందికి గుర్తుండేది కాదు.