పసి నక్షత్రాల వార్తలో తెగిపోయిన వాక్యం

2022 వేసవి. పలాసలో ఒక దినపత్రికకు విలేకరిగా చేరి అప్పటికి ఇరవై ఆరేళ్లు నిండాయి. జీడిపప్పు ధరలు, తుపాను నష్టాలు, కిడ్నీ బాధితుల గోడు రాసి రాసి చేయి అరిగినవాణ్ని. అలాంటి నేను పూండి దగ్గర ఒక ఇంటి అరుగు మీద కూర్చుని నక్షత్రాల గురించి రాసుకోవలసి వచ్చింది.

ఆ ఇంటి అమ్మాయి సుజాత ఖగోళ పరిశోధకురాలు. పసి నక్షత్రాలు చిమ్మే ఎక్స్‌రేలను అంతరిక్ష టెలిస్కోప్ పంపే సమాచారంతో అధ్యయనం చేస్తుంది. సెలవుకు వచ్చిందని తెలిసి వెళ్లాను.

"పసివంటే ఎన్నాళ్లవమ్మా?"

"ఇరవై లక్షల ఏళ్లుంటాయి సార్."

"అది పసితనమా! మా పేపరు డెస్క్‌లో నవ్వుతారు."

"సూర్యుడికి నాలుగు వందల అరవై కోట్ల ఏళ్లు సార్. ఆయన పక్కన ఇవి ఊయల్లో ఉన్నట్టే."

ఆ వయసులో అవి సూర్యుడికంటే వేల రెట్లు ఎక్స్‌రేలు వెదజల్లుతాయట. గ్రహాలు పుట్టాల్సిన, నక్షత్రం చుట్టూ తిరిగే ధూళి పళ్లేన్ని ఆ కిరణాలే కరిగించేస్తాయట. మరి గ్రహాలెలా పుడతాయని అడిగితే, "అది తేలకే కదా సార్ చూస్తున్నాం" అంది. సగం అర్థమై, సగం కాక ఇంటికొచ్చాను.

వార్తలో చివరి వాక్యం ఇది: ఈ కిరణాలు నేలకు చేరవు, గాలి పొర అడ్డుకుంటుంది, అందుకే టెలిస్కోప్‌ను అంతరిక్షంలో ఉంచారు. చోటు చాలకపోతే, వార్తలు దిద్దే డెస్క్ వాళ్లు వార్తను కింది నుంచి కోస్తారు. ముఖ్యమైనది పైన పెట్టమని కొత్తవాళ్లకు చెప్పేది నేనే. ఆ రోజు సరిగ్గా ఆ వాక్యమే ఎగిరిపోయింది.

వారం తర్వాత తులసమ్మ అనే ఆవిడ పేపరు మడిచి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. తీరంలోని మత్స్యకార గ్రామం ఆమెది.

"ఏటి బాబూ ఇది? సుక్కల్నుంచి ఎక్స్‌రేలొత్తన్నాయని రాసినావట. మావోడు రెండుసార్లు డయాలసిస్‌కెల్లకుండా వొగ్గీసినాడు. ముప్పయ్యేళ్లు పడవలో ఆకాశం కింద తొంగున్నాను, అయ్యే నా కిడ్నీల్ని తినేసినాయి, రగతం కడిగితే ఏటవుద్ది అంతన్నాడు. కాళ్లు పొంగిపోనాయి."

నేను కిడ్నీ మాటే రాయలేదు. వార్త రెండుసార్లు చదివాను. అప్పుడు శీర్షిక చూశాను: 'ఎక్స్‌రేలపై ఉద్దానం యువతి పరిశోధన'. మావైపు ఉద్దానంలో ఊరూరా కిడ్నీ జబ్బే; ఆ పేరు పక్కన పరిశోధన అని కనబడితే జనం చదివేది ఒకటే, కిడ్నీల సంగతని.

ఆమెను బండెక్కించుకుని వెళ్లాను. ఆమె భర్త నూకరాజు వలల కుప్ప మీద కూర్చున్నాడు. ఆస్పత్రి మాటెత్తగానే ముఖం తిప్పుకున్నాడు. సుజాతకు ఫోన్ చేసి, సంగతి చెప్పి స్పీకర్ పెట్టాను.

"మావా, ఆ సుక్కల ఎక్స్‌రే ఒక్కటీ కిందకి దిగదు. గాలే మింగేత్తాది. దిగితే పైన టెలిస్కోపెందుకు? నీ పడవెక్కే సూసుకుందును."

"నా పడవకి సిల్లుంది, ఎక్కకమ్మా" అని నవ్వాడు నూకరాజు. అంతలోనే నవ్వు ఆగింది. "మరైతే నా కిడ్నీలు దేనికి పోనాయి?"



"తెలీదు మావా. పూర్తిగా ఇంకా ఎవలికీ తెలీదు. మా నాన్నా వారానికి రెండుసార్లు డయాలసిస్‌కే ఎల్తన్నాడు."

రెండు గంటలు వాళ్ల అరుగు మీద కూర్చున్నవాణ్ని. ఆ సంగతి ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

నూకరాజు ఫోన్‌కేసి వేలు చూపించాడు. "పరీచ్చలకని నీళ్లట్టుకెళ్లినోలున్నారు, రగతం తీసుకెళ్లినోలున్నారు. తెలీదని మొగమ్మీద సెప్పింది ఈ పిల్లే" అన్నాడు. తర్వాత పెళ్లాం వైపు తిరిగాడు. "తులసీ, సొక్కా తే."

మధ్యాహ్నానికి పలాస ఆస్పత్రిలో డయాలసిస్ మంచమెక్కాడు.

ధైర్యం చెబితే లేవని మనిషి 'తెలీదు' అంటే ఎందుకు లేచాడో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. నేర్చుకున్నది మాత్రం ఉంది. చదివేవాడు దేనికి భయపడతాడో అది ముందు కనుక్కుని, వార్త అక్కణ్నుంచి మొదలుపెట్టాలి. మర్నాడు సవరణ వార్త పంపాను. కోతలో పోయిన ఆ వాక్యం ఒక్కటే రాశాను. డెస్క్ వాళ్లకు కోయడానికి ఇంకేమీ మిగల్చలేదు.