ముప్పై సెంట్ల మడవ

దేవకుమారికి నడుము వంచితేనే హాయి. ముప్పై ఏళ్ళు వరి ఊడ్పులూడ్చిన నడుము అది. నిటారుగా నిలబడితేనే నొప్పి. ఇప్పుడు వంచడానికి పనేదీ? భీమవరానికి దిగువనున్న ఆ ఊరి చేలన్నీ రొయ్యల చెరువులైపోయాయి. ఇరవై మంది ఆడవాళ్ళు పాడుకుంటూ దిగిన చోట మేత చల్లడానికి ఒక్క మనిషి చాలు. ఊరు అభివృద్ధి చెందిందంటున్నారు. నిజమే, రొయ్యకి ఐసు దొరుకుతోంది. మనిషికే మంచినీళ్ళు టిన్నుల్లో కొనుక్కోవాలి.

ఇక మిగిలింది ఆమె ముప్పై సెంట్ల మడి. మూడు వైపులా చెరువులు, నాలుగో వైపు కాలవ. ఏటా అందులో కోసిన తొలి వరి పన చర్చిలో కోత పండుగకి పట్టుకెళ్ళేది.

భర్త జీవరాజు బతికుండగా, మడికి నీళ్ళు పెట్టే మడవ తెరిచేముందు దోసెడు కాలవ నీళ్ళు నోట్లో పోసుకుని పుక్కిలించేవాడు. సముద్రపు పోటుకి ఉప్పెక్కాయేమోనని చూసేవాడు. "కాఫీలా రుచి చూస్తావేంటి!" అని ఆమె నవ్వేది.

ఈ ఏడు తొలి పంట సార్వాలో ఊడ్చిన పదో రోజున, ఎండిన కాలవ ఒక్కసారిగా నిండుగా కనిపించింది. వంతు నీళ్ళొచ్చేశాయనుకుని పరుగున వెళ్ళి మడవ తెరిచేసింది. రుచి చూడలేదు. అవి వంతు నీళ్ళు కావు, రొయ్యలు పట్టేశాక చెరువు తోడి వదిలిన ఉప్పునీళ్ళు. నాలుగు రోజుల్లో పైరు ఎర్రబడింది. కోతలకి మిగిలింది తాలు. కోత పండుగ ఆదివారం ఆమె చర్చిలో వెనక బల్ల మీద, ఒట్టి చేతులతో కూర్చుంది.

మర్నాడే చెరువుల యజమాని విశ్వనాథ్ వచ్చాడు.

"ఎలాగూ పండలేదు కదండి దేవకుమారిగారూ. లీజుకిచ్చేయండి, అంతా ఒకే చెరువు చేసేద్దాం. మీరు హాయిగా కూర్చుని తినండి."

"కూర్చుంటే నాకు నడుం నొప్పి బాబూ. మీ నీళ్ళు కాలవలోకి కాకుండా మురుగు డ్రైనులోకి పంపండి, చాలు."

"అంత దూరం పైపులంటే బోలెడు ఖర్చండి."

"ఆ ఖర్చు ఇప్పుడు నా మడి పెడుతోంది కదా?"

అతను నవ్వి బండెక్కాడు.

కూతురు తబిత రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళుతుంది. వేళ్ళన్నీ ఐసుకి నానిపోయి ఉంటాయి. "పంతమేంటమ్మా? మన అన్నం ఆ రొయ్యల్లోంచే వస్తోంది," అంది.

"తెలుసే. అందుకే నీ మీద కోపం లేదు. అన్నం పెడుతున్నాయని మడి కూడా ఇచ్చేస్తే, రేపు ఆ షెడ్డు మూస్తే ఎక్కడికెళతాం?"



రెండో పంట దాళ్వాకి కాలవ నీళ్ళు వదిలారు. దేవకుమారి తెల్లారగానే మడవ దగ్గర వంగి, దోసెడు నోట్లో పోసుకుని ఉమ్మింది. ఉప్పు. రెండో రోజూ ఉప్పే. మూడో రోజు పనికి బయల్దేరిన తబిత గట్టు మీద ఆగింది.

"ఇంకా ఎన్నాళ్ళమ్మా?"

"చప్పబడేదాకా."

రోడ్డు మీద షెడ్డు వ్యాను హారన్ కొట్టింది. తబిత పరుగెత్తింది. దేవకుమారి మూసిన మడవ మీద ఇంకో పార మట్టి వేసింది. ఊడ్పుల అదను దాటడానికి ఇంకా పన్నెండు రోజులుంది.