నాలుగో రోజు దాకా

డాక్టర్లు మెషిన్ ఆపే మాట ఎత్తిన మర్నాడు నేను సిటీలో యూనివర్సిటీ మ్యూజియంకి వెళ్ళాను. తమ్ముడు ఐసీయూలో ఉంటే మ్యూజియమా అంటారేమో. మా ఆయనా అదే అన్నాడు. కారు తాళాలు తీసుకుని వచ్చేశాను.

ఫ్రీవే మీద యాక్సిడెంటు అయినప్పటి నుంచి వాడు కళ్ళు తెరవలేదు. అమ్మానాన్నా లేని మేము ఒకరికొకరమే. వాణ్ణి పట్టుబట్టి ఈ దేశానికి రప్పించుకున్నది నేనే. ఇప్పుడు ఆపమనాల్సిందీ నేనేనట.

మేముండే వెర్రిబీలో మా ప్రేయర్ గ్రూపు ఆంటీ ఆ మ్యూజియం సంగతి చెప్పారు. "ఈజిప్టు ఇసకలో దొరికిన బైబిలు వాక్యం ముక్కంటమ్మా, ఎప్పటిదో, గ్రీకులో రాసిందంట. చూసి, ప్రార్థన చేసుకుని రా." కొత్త సంవత్సరం నాడు చర్చిలో వాగ్దాన కార్డు తీస్తాం. ఏ వచనం వస్తే అది ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట. నాకు ఇప్పుడొక కార్డు కావాలి. ఏ పుట్టలో ఏ పాముందో.

అద్దాల పెట్టె ముందు చెప్పులు విడిచి నిలబడ్డాను. అరచేతిలో పట్టేంత గోధుమరంగు ముక్క, అంచులన్నీ చీకిపోయి ఉంది. చీమల బారులా అక్షరాలు, ఒక్కటీ నాకు రాదు. అక్కడ పనిచేసే తల నెరిసిన తెల్లావిడ నా కాళ్ళ వంక చూసింది. ఇందులో ఏముందని అడిగాను.

"తమ్ముడు చనిపోయాడని ఇద్దరు అక్కచెల్లెళ్ళు యేసు దగ్గర ఏడుస్తారే, ఆ భాగం," అంది.

సండే స్కూలు నుంచీ నోటికొచ్చిన కథ. పోయిన నాలుగో రోజున ప్రభువు పేరు పెట్టి పిలిస్తే ఆ తమ్ముడు సమాధిలోంచి నడిచొచ్చాడు.

"ఆయన లేపింది ఎక్కడుంది?"

"ఈ ముక్కలో లేదు. ఆ తర్వాతది చిరిగిపోయింది."

"వెనక వైపు?"

"అక్కడ అక్షరాలు చెరిగిపోయాయి."

ఆవిడేం చేసింది పాపం, అయినా కోపం ఆగలేదు. మిగతాది నాకు తెలుసు, మీ ముక్కతో పనిలేదు అని తెలుగులోనే అరిచి బయటపడ్డాను.

తిన్నగా హాస్పిటల్‌కి వెళ్ళి, నాలుగు రోజులు ఆగమని డాక్టరుని బతిమాలాను. ఎందుకని అడిగాడు. బంధువులు రావాలన్నాను. రావడానికి ఎవరూ లేరు. సరేనన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం మెషిన్ ఆపారు. వార్డంతా వినపడేలా వాణ్ణి చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచాను. లేచి రారా అన్నాను. మా ఆయన భుజం పట్టుకుంటే విదిలించుకుని మళ్ళీ పిలిచాను. నేను పిలిస్తే ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేవాడు. ఆ రోజు రాలేదు.